మీ సైడ్ బాంబులేస్తారంట కదా అని అడిగితే ఏం చెప్పాలక్కా?

ఉత్తరం:

అక్కా, మాది అనంతపురం జిల్లా, గుత్తి దగ్గర పల్లె. ఐదేండ్ల నుంచి హైదరాబాద్‌లో జాబ్ చేస్తాండా. వచ్చిన కొత్తలో రూమ్మేట్స్ అందరూ నన్ను ఫ్యాక్షనిస్టు అని పిలిచేవాళ్ళు. నేనూ మీసం తిప్పి డైలాగులు కొట్టేవాణ్ణి, లేనిపోని కథలు కూడా చెప్పినా. మా ఊర్లో గొడవలు జరిగింది నేను పుట్టకముందు, నాటుబాంబు నేను చూసింది సినిమాలోనే. మొన్న ఒంగోలు వైపు సంబంధం ఒకటి అన్నీ కుదిరి చివర్లో పిల్ల మేనమామ ‘ఆ వైపు పిల్లనిచ్చి రేపు ఏదన్నా అయితే ఎవరు జవాబుదారీ’ అన్నాడంట, ఆడికి ఆగిపోయింది. పండక్కి ఊరికి పోతే మా అక్క కొడుకు, ఆరో క్లాసు, ‘మామా మనది ఫ్యాక్షన్ ఊరంట కదా, బాంబులు యాడ దాచిపెడ్తారు’ అని ఎంత గర్వంగా అడిగినాడో. ఈ మాట ఎవరు పుట్టించినారు, ఇంత దూరం ఎట్ల పాకింది? రోజూ ఫేస్‌బుక్‌లో ‘సీమ అంటే ఫ్యాక్షన్ కాదు’ అని పోస్టులు పెడ్తాండా, ఏం మార్పు లేదు. ఏం చేయాలక్కా?

సమాధానం:

తమ్ముడూ, పెండ్లి సంగతి చదివి బాధపడినా, కానీ నిజం చెప్పాలంటే నన్ను ఎక్కువ పట్టుకున్నది నీ మేనల్లుడి మాట. నేను ఇరవై ఏడేండ్లు కర్నూలు చుట్టుపక్కల గవర్నమెంట్ స్కూళ్ళలో టీచరుగా చేసినా, ఆ వయసు పిల్లోల్లు ఏ మాట యాడ నుంచి తెచ్చుకుంటారో కొంచెం తెలుసు నాకు. వానికి ఆ మాట ఒంగోలు వాళ్ళు చెప్పలేదు, మన ఇండ్లలో, పెండ్లి ఊరేగింపులో డీజే ముందర, మన పిల్లోల్లు చేసే రీల్స్‌లో, ఊరికి వచ్చిన మామల నోట్లో విన్నాడు. నిన్ను తప్పు పట్టాలని చెప్పట్లేదు, ఎట్ల పాకింది అని నువ్వు అడిగినావు చూడు, దాని జవాబు చానా వరకు ఆడనే ఉండాది.

ముందు ఒకటి ఒప్పుకుందాం. ఫ్యాక్షన్ ఎవరో కూర్చొని కల్పించింది కాదు. చచ్చిపోయినోల్లు ఉండారు, ముప్పై ఏండ్లకే మొగుణ్ణి పోగొట్టుకొని పిల్లోల్లని చంకనేసుకోని పుట్టింటికి చేరిన ఆడోళ్ళు ఉండారు, భూములు బీడు పెట్టి బళ్ళారికో బెంగళూరుకో పోయి మళ్ళీ ఊరి ముఖం చూడని కుటుంబాలు ఉండాయి. ఎలక్షన్లు, కాంట్రాక్టులు, సారా వేలం పాటలు, నీళ్ళ తగాదాలు, ఇవన్నీ దాంట్లో ఉండాయి. అది జరగనే లేదు అని మనం అంటే వాళ్ళకు రెండోసారి అన్యాయం చేసినట్టే. కానీ కొన్ని ఊర్లలో, కొన్ని కుటుంబాల మధ్య జరిగినదానికీ, మొత్తం సీమ మనుషులంటేనే అంత అనే మాటకీ మధ్యలో చానా దూరం ఉండాది కదా, ఆ దూరం మాట ఎట్ల నడిచింది అనేదే నాకు ముఖ్యం అనిపిస్తాది.

ఎవరు పుట్టించినారు అంటే ఒక్క మనిషి పేరు చెప్పలేం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పినాడు (మా కర్నూలు మాత్రం నవాబు కింద ఉండి 1839లో పోయింది), అప్పుడు కలెక్టరుగా వచ్చిన మన్రో దొరకి ఎదురుపడింది పాలెగాళ్ళు. పన్ను కట్టనోళ్ళు, కత్తి పట్టినోళ్ళు అని కంపెనీ కాయితాల్లో ఈ నేలని రాసుకున్నారు. 1847లో కోయిలకుంట్లలో ఉరి తీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీ వాళ్ళ లెక్కలో తిరుగుబాటు దొంగ, మన పల్లెల్లో పాటలు పాడేవాళ్ళకి దేవుడు. మనిషి ఒకడే, చెప్పే నోరు వేరు. దాని తర్వాత వంద ఏండ్లకి పైగా గడిచి ఎలక్షన్ల కాలపు గొడవలొచ్చినాయి, పేపర్లు రాసినాయి, ఆ మీద 1990ల చివర్నుంచి సినిమాలు పట్టుకున్నాయి. మా కొండారెడ్డి బురుజు తెర మీద కనపడిందంటే చాలు వెనకాలే సుమోలు, కొడవళ్ళు. ఒక్కొక్కరూ తమ కాలానికి ఒక పొర వేసి పోయినారు, ఇంకొకరు దాని మీద కట్టుకున్నారు. అందుకే ఎవరినో ఒకర్ని పట్టుకోని తిడితే పోయే రకం కాదు ఇది.

పాకడం సంగతికి వస్తా. అమెరికాలో ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అని ఇద్దరు సైకాలజీ వాళ్ళు పుకార్ల మీద పని చేసి 1947లో అచ్చేసినారు. వాళ్ళు ఒక బొమ్మ చూపించేవాళ్ళు, రైలు పెట్టెలో జనం, మధ్యలో ఒక తెల్లాయన, ఒక నల్లాయన నిలబడి మాట్లాడుకుంటా ఉంటారు, తెల్లాయన చేతిలో మంగలికత్తి ఉంటాది. బొమ్మ చూసినాయన చూడని ఆయనకి చెప్పాల, ఆయన ఇంకొకాయనకి, అట్ల ఆరేడు మంది దాకా. సగానికి పైగా సార్లు మధ్యలో యాడో ఒకచోట కత్తి నల్లాయన చేతిలోకి పోయింది. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు తమ్ముడూ, అదే భయం వేసేది. తలకాయలో ముందే ఒక బొమ్మ ఉంటే కత్తి దాని చేతిలోకే పోతాది. మన దగ్గర కూడా చూడు, డెల్టా జిల్లాలో పొలం గట్టు కాడ అన్నదమ్ములు నరుక్కుంటే అది భూతగాదా, అదే నంద్యాల దగ్గర జరిగితే మొదటి గంటలోనే ఫ్యాక్షన్ హత్య. ఇద్దరూ పొలం గట్టు కోసమే కొట్టుకున్నారు.

ఇంకొకటి మన జొన్నగిరి, తుగ్గలి వైపు వజ్రాలు ఏరేవాళ్ళని చూస్తే తెలుస్తాది. తొలకరి పడగానే యాడాడ నుంచో వచ్చి, టెంట్లు వేసుకోని, చెట్ల కింద వండుకోని పొద్దున నుంచి సాయంత్రం దాకా చేలల్లో తల వంచుకోని తిరుగుతారు. అనంతపురంలో వజ్రకరూరులో కూడా అంతే. ఒక కూలి ఆమెకు వజ్రం దొరికింది అంటే పేపర్లో, టీవీలో, ప్రతి ఫోన్లో వస్తాది. వారం రోజులు కూలి పోగొట్టుకోని ఉత్త చేతులతో బస్సెక్కినోళ్ళు వేలమంది, వాళ్ళది ఎవరు రాస్తారు, రాసినా ఎవరు చదువుతారు. కాబట్టి వచ్చే ఏడు ఇంకా ఎక్కువమంది వస్తారు. మన ఊర్ల సంగతీ ఇట్లనే. ఇరవై ఏండ్లుగా ఏ గొడవా లేకుండా సంగటి తిని పడుకుంటాండే ఊరికి చెప్పుకునే కథ ఏముంటాది? ఒక్క రాత్రి బాంబు పేలిన ఊరికి ముప్పై ఏండ్లు కథ ఉంటాది. చెప్పడానికి పనికొచ్చేదే నోటికి ఎక్కుతాది, మిగతాదంతా జరిగి కూడా జరగనట్టే పోతాది.

చెప్పేవాళ్ళకి ఏం లాభం అనేది కూడా చూడాల, ఈడ నా సంగతి ఒకటి చెప్పాల నీకు. 2001 అనుకుంటా, కోస్తాలో ఒక ట్రైనింగ్‌కి పోయింటి, అన్ని జిల్లాల టీచర్లు వచ్చినారు. మధ్యాహ్నం అన్నాల కాడ ఒకాయన నన్ను నిన్ను అడిగినట్టే అడిగినాడు. నా క్లాసులో ఒక పిల్లోడు ఉండేవాడు అప్పుడు, వాళ్ళ నాయనను చంపేసినారు. ఆ కథంతా చెప్పినా నేను, ఎన్ని గంటలకి వచ్చినారు, యాడ కాపు కాసినారు, తలుపు ఎట్ల కొట్టినారు, అన్నీ. తినేవాళ్ళు తినడం ఆపి విన్నారు, వేరే టేబుల్ వాళ్ళు కూడా కుర్చీలు జరుపుకోని వచ్చినారు. నా మాటను అంతమంది అంత శ్రద్ధగా విన్నది అంతకుముందు ఎప్పుడూ లేదు. సోమవారం స్కూలుకి పోతే ఆ పిల్లోడు మొదటి బెంచీలో కూర్చొని హోంవర్క్ చూపిస్తాండాడు. ఆ రోజు నాకు పాఠం చెప్పడానికి గొంతు రాలేదు. ఆ టేబుల్ కాడ నుంచి ఆ కథ ఎన్ని జిల్లాలకు పోయిందో, ఎంతమంది టీచర్లు వాళ్ళ స్టాఫ్‌రూముల్లో చెప్పింటారో, దాంట్లో ఆ పిల్లోడు ఎప్పుడో రాలిపోయి ఉంటాడు, కొడవలి మాత్రం మిగిలింటాది. నువ్వు రూమ్మేట్స్‌కి చెప్పిన కథలు కూడా అంతే, వాళ్ళు ‘మా రూమ్మేటే చెప్పినాడు, వాళ్ళది ఆ ఊరే’ అని చెప్తారు. బయటోడు చెప్తే అనుమానం అన్నా పడ్తారు, సీమోడే చెప్పినాడంటే ఇంక సాక్ష్యం దొరికినట్టే.

ఇప్పుడు నీ ఫేస్‌బుక్ పోస్టుల సంగతి. ఆపేయి. కోపం తెచ్చుకోవద్దు, ఎందుకంటే చెప్తా వినుకో. 1977లో అమెరికాలోనే కొందరు ఒక పరీక్ష చేసినారు, నిజమో కాదో జనానికి తెలీని మాటలు కొన్ని రెండు వారాలకొకసారి చదివించి చూస్తే, మళ్ళీ మళ్ళీ విన్నవాటిని ఎక్కువ నిజమని నమ్మినారు, అవి అబద్ధమైనా సరే. తినగ తినగ వేము తియ్యన అని మనోళ్ళు ఎప్పుడో అన్నారు కదా, చేదు మాట కూడా అంతే. 1981లో డేనియల్ వెగ్నర్ అనే ఆయన ఇంకొకటి చూపించినాడు, ఫలానా మనిషికి దొంగలతో సంబంధం ఉందా అని పేపర్ హెడ్డింగ్‌లో ఉత్త ప్రశ్న పెట్టినా, ఉంది అని రాసినంత పనీ దాదాపు అయిపోతాదని. ‘మీ సైడ్ బాంబులేస్తారంట కదా’ అనేది ప్రశ్నే కదా తమ్ముడూ. నువ్వు రోజూ సీమ అంటే ఫ్యాక్షన్ కాదు అని రాస్తాంటే, స్క్రోల్ చేసుకుంటా పోయేవాడి కంటికి సీమ, ఫ్యాక్షన్ ఈ రెండు మాటలే ఒకదాని పక్కన ఒకటి కనపడ్తాయి, చివర ఉండే కాదు అనేదాని దాకా ఎంతమంది వస్తారో చెప్పలేం. వాళ్ళ మాటని వాళ్ళ కోసం నువ్వే మోస్తాండావు.

మరి ఏ మాట అయినా పోనే పోదా అంటే పోతాది, పోయింది కూడా, మన కండ్ల ముందరే ఉండాది. ఈ జిల్లాల్ని వంద ఏండ్లకు పైగా దత్త మండలాలు, సీడెడ్ జిల్లాలు అనేవాళ్ళు, అంటే ఎవరో ఎవరికో ఇచ్చేసిన సొత్తు. 1928 నవంబర్‌లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దత్త మండలాల వాళ్ళు విడిగా కూడా కూర్చున్నారు, ఆడ చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు పెట్టుకుందాం అన్నారు. ఆయన ఈ నేలలో పుట్టినాయన కాదు, ఉత్తరాంధ్ర మనిషి, అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చినారు. ఇప్పుడు నువ్వు ఎవర్నన్నా అడుగు, దత్త మండలం అంటే తెలిసినోళ్ళు ఎంతమంది? మేము ఇచ్చేసిన వాళ్ళం కాదు, మేము దత్తతకి పోయినోళ్ళం కాదు అని రోజూ అరిచి ఉంటే ఆ పేరు ఈ రోజుకీ ఉండేది. వాళ్ళు దాని చోట్లో ఇంకొక పేరు పెట్టినారు, నోటికి బాగుండేది, రాయల కాలాన్ని గుర్తు చేసేది, పలికేవానికి ఛాతీ కొంచెం పొంగేది. సభలు, పేపర్లు, ఉత్తరాలు, అన్నిట్లో అదే వాడినారు. పాత మాట దానంతట అది ఎండిపోయింది.

ఇంకా దగ్గరిది చెప్తా. 2018లో పిల్లోల్లని ఎత్తుకపోయేవాళ్ళు తిరుగుతాండారు అని వాట్సాప్‌లో వీడియోలు తిరిగినాయి చూడు, మా ఊర్లలో కూడా తెలీని మనిషి కనపడితే జనం గుమికూడేవాళ్ళు, దేశంలో చానా చోట్ల అమాయకుల్ని కొట్టి చంపేసినారు. అప్పుడు తుంగభద్రకి అవతల మా పక్కనే ఉండే జోగులాంబ గద్వాలలో రెమా రాజేశ్వరి అనే ఆమె ఎస్పీగా ఉండేది. ఆమె ప్రకటనలిచ్చి ఊరుకోలేదు. ఒక్కొక్క కానిస్టేబుల్‌కి కొన్ని ఊర్లు అప్పజెప్పి, వాళ్ళని ఊరి మనుషులకి దగ్గర చేసి, డప్పులతో పాటలు పాడేవాళ్ళని తీసుకపోయి రచ్చబండ కాడ పాడించింది. ఆ వీడియో జనానికి వచ్చింది తెలిసినోళ్ళ దగ్గర నుంచి, కాబట్టి నిజం కూడా తెలిసినోళ్ళ నోట్లో నుంచే రావాల, వాళ్ళకి అలవాటైన రూపంలో రావాల. వాట్సాప్ కంపెనీ వాళ్ళు అదే ఏడాది ఒకేసారి ఐదు చోట్లకి మించి ఫార్వార్డ్ చేయకుండా లిమిట్ పెట్టినారు, అది కూడా పనికొచ్చేదే, కానీ లిమిట్ ఫోన్‌కి పెట్టగలం, నోటికి పెట్టలేం కదా.

రూపం అన్నాను కదా, అది చిన్న సంగతి కాదు. వేమన పద్యాలు చూడు. కడపలో బంగ్లా కొని పండితుల్ని పెట్టుకోని తాళపత్రాలు సేకరించిన బ్రౌన్ దొర 1829లో వాటిని అచ్చేయించినాడు (ఆ బంగ్లా చోట్లోనే ఇప్పుడు ఆయన పేరు మీద లైబ్రరీ ఉండాది, కడపకు పోతే చూడు), కానీ అచ్చు లేకముందే తరతరాల నుంచి అవి గొర్రెలు కాసేవాళ్ళ నోట్లో కూడా ఉండాయి. నాలుగు చిన్న పాదాలు, చివర విశ్వదాభిరామ వినురవేమ. ఆ చివరి ముక్క తగిలిస్తే ఎవరు కట్టినా వేమన పద్యంగా చెల్లిపోయేది, అట్ల ఎన్ని కలిసిపోయినాయో. మూస దొరికితే పోసేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. సీమ కథకి సినిమా వాళ్ళు అట్లాంటి మూస ఒకటి ఇచ్చినారు, తెల్ల బట్టలు, సుమో, తొడ, కొడవలి, మన యాసలో ఒక బెదిరింపు. దాంట్లో ఎవరైనా ఏ ఊరి పేరైనా పోసుకోవచ్చు. నాకు అన్నింటికన్నా నొప్పి కలిగేది ఆ యాస సంగతి. మన యాసలో తెర మీద ఒక లెక్కల మాస్టరు పాఠం చెప్పడు, ఒక తల్లి బిడ్డకి బువ్వ పెట్టదు, ఒక పిల్లోడు పిల్లకి మనసు చెప్పడు, చంపుతా అని మాత్రమే చెప్తారు. నీ మేనల్లుడు ఇంట్లో మాట్లాడే మాట టీవీలో గొప్పగా వినపడేది ఆ ఒక్క చోటే. అందుకే వాడు గర్వపడినాడు, వాని తప్పు ఏముంది. ఆ గర్వం ఊరికే లాక్కుంటే వానికి ఏం మిగలదు, దాని చోట్లో ఇంకొకటి పెట్టాల.

పెట్టడానికి మనకేం తక్కువ లేదు. అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అని ఒకాయన 1866 కరువులో తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టి బతికించినాడు, ఆయన మీద కూడా పాటలు ఉండాయి. తాడిపత్రి అంటే ఇప్పుడు అందరికీ గొడవలే గుర్తొస్తాయి, తెలుగులో అందరూ తలచుకునే డైరెక్టర్ కె.వి. రెడ్డి గారు పుట్టింది ఆ తాడిపత్రిలోనే. 1953 అక్టోబర్ నుంచి 1956 నవంబర్ దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని మా కర్నూలు, డేరాలు వేసుకోని ఆఫీసులు నడిపించినారు. ఇవి పరీక్షలో రాసే పాయింట్ల లెక్కన చెప్తే పిల్లోల్లు వినరు. కథగా చెప్పాల, కరువులో గాదె తలుపు తీసిన రాత్రి ఎట్ల ఉండింటాదో చెప్పాల, మన యాసలోనే చెప్పాల.

ఇప్పుడు నువ్వు చేసేది. రూమ్మేట్స్‌లో ఇంకా టచ్‌లో ఉన్నోళ్ళకి ఫోన్ చేసి, అప్పుడు నేను చెప్పినవన్నీ కల్పించినవి, మా ఊర్లో నిజంగా జరిగింది ఇది అని చెప్పు. కష్టంగా ఉంటాది, నాకు తెలుసు, నేను కూడా ఆ ట్రైనింగ్‌లో పరిచయమైన ఇద్దరికి ఉత్తరాలు రాసినా. ఇంక కొత్తోళ్ళు ఎవరైనా బాంబుల గురించి అడిగితే లేదు అని మొదలుపెట్టద్దు, మీసం తిప్పొద్దు. ‘మా ఊర్లో నేను పుట్టకముందు గొడవ జరిగింది, దాంట్లో పోయిన ఆయన భార్య ఇప్పటికీ ఉండాది, బర్రెలు పెట్టుకోని బతుకుతాది, నాకు చిన్నప్పుడు మజ్జిగ పోసేది’ అని చెప్పు. నీ ఊర్లో ఎవరుంటే వాళ్ళ సంగతి, పేర్లు చెప్పకుండా, నిజమైనదే. వినేవాడు దీన్ని డైలాగు చేసుకోని ఇంకొకరికి కొట్టలేడు.

పెండ్లి సంగతికి వస్తే, ఆ మేనమామతో వాదన పెట్టుకోవద్దు. ఆయన చెడ్డోడు కాదు, పిల్ల కోసం భయపడ్తాండాడు, ఆయన విన్న మాటలకి ఆ భయం సహజమే. నువ్వు గానీ మీ నాయన గానీ ఎంత చెప్పినా ఆయనకి ఎక్కదు, ఎందుకంటే మీరు సీమోళ్ళు. ఒంగోలు, గుంటూరు నుంచి వచ్చి మన దగ్గర బ్యాంకుల్లో, స్కూళ్ళలో, రైల్వేలో చేసి రిటైరై పోయినోళ్ళు చానామంది ఉండారు, గుత్తి రైల్వే ఊరే కదా, మీ నాయనకి అట్లాంటోళ్ళు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు. వాళ్ళల్లో ఆ మేనమామ మాట కలిసే మనిషిని వెతకండి, ఆయన ఒక మాట చెప్తే మీరు వంద చెప్పినట్టు. కుదిరితే వాళ్ళని ఒకసారి ఊరికి రమ్మనండి, ఉగ్గాని బజ్జీ పెట్టి, పొలం చూపించి, ఊర్లో వాళ్ళే తిరిగి వాళ్ళే నలుగుర్ని అడుక్కోనియ్యండి, మీరు వెనకాల పోవద్దు. అప్పటికీ వద్దంటే వదిలేయి, ఇష్టం లేని ఇంటి నుంచి పిల్లని తెచ్చుకోని ఆ అమ్మాయిని నలగ్గొట్టొద్దు.

పిల్లోని పని మాత్రం ఆలస్యం చేయొద్దు. దసరా సెలవులకి పో. ‘బాంబులు యాడ దాచిపెడ్తారు’ అన్నాడు కదా, వానికి కోప్పడకుండా, అప్పటి గొడవలో ఇంటి మనిషిని పోగొట్టుకున్న ముసలామె ఎవరైనా మీ ఊర్లో ఉంటే ముందు ఆమెను అడిగి, ఆమె సరే అంటేనే, సాయంత్రం పూట పిల్లోణ్ణి తీసుకోని ఆమె అరుగు మీద కూర్చో. నువ్వు ఏం చెప్పొద్దు. ఆమె ఎంత చెప్తే అంత, చెప్పకపోతే వానితో రెండు బిందెలు నీళ్ళు మోయించి తీసుకోని రా. వాడు తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఏమడిగినాడో నాకు రాయి.